తోటలో హమ్మింగ్‌బర్డ్ కనబడిందా? ముందు దాని మీసాలు చూడండి

మొదటిసారి చూసినప్పుడు నేనూ పిట్టే అనుకున్నా. మొక్కలకి నీళ్ళు పెడుతూ లాంటానా పొద దగ్గర నిలబడ్డా, బూడిదరంగు ముద్ద ఒకటి పువ్వు ముందు గాల్లో ఆగిపోయి ఉంది, రెక్కలు కనబడట్లేదు, రెక్కలుండాల్సిన చోట పొగలాగా ఏదో ఉంది అంతే, ముందువైపు సన్నటి పొడుగాటి ముక్కు పువ్వులో దూరి ఉంది, ఒక్క క్షణం తాగింది, పక్కపువ్వు, మళ్ళీ దాని పక్కది, నేను చేతిలో పైపు పడేసి ఫోన్ తీసేలోపు గోడ దాటి పోయింది. ఇంట్లోకి పరిగెత్తి మన తోటలోకి హమ్మింగ్‌బర్డ్ (పువ్వు ముందు గాల్లో ఆగి తేనె తాగే బుల్లి పిట్ట) వచ్చిందని అందరికీ చెప్పేశా. నాలుగు రోజులు ఆ గొప్పలు చెప్పుకున్నాక ఎలాగో ఒక మసక ఫోటో దొరికింది, మా అమ్మాయి దాన్ని జూమ్ చేసి చూసి "నాన్నా, పిట్టకి మీసాలుంటాయా?" అంది.

ఉండవు కదా మరి. అది హాక్ మాత్. మాత్ అంటే చిమ్మట, దీపం చుట్టూ తిరిగే ఆ జాతే, కాకపోతే ఇది పగలు తిరుగుతుంది, తేనె తాగేటప్పుడు పువ్వు మీద వాలదు, గాల్లోనే ఆగి తాగుతుంది, అందుకే పిట్టలా కనబడుతుంది. హాక్ మాత్‌లు ప్రపంచం మొత్తం మీద దాదాపు 1450 రకాలు ఉన్నాయి, ఎక్కువ శాతం రాత్రిపూట లేదా సంధ్యవేళ తిరిగేవే, పగలు తిరిగేవి కొన్నే, మన కళ్ళని మోసం చేసేవి ఆ కొన్నే.

మోసపోయినందుకు సిగ్గుపడక్కర్లేదు లెండి. హెన్రీ వాల్టర్ బేట్స్ అని 19వ శతాబ్దంలో ఒక ఆయన ఉండేవాడు, అమెజాన్ అడవుల్లో 1848 నుంచి 1859 దాకా పదకొండేళ్ళు పురుగులు, పిట్టలు సేకరించడమే ఆయన పని. అలాంటి మనిషి కూడా హమ్మింగ్‌బర్డ్ అనుకుని తుపాకీతో చాలాసార్లు హాక్ మాత్‌ని కొట్టానని, ఎగురుతున్నప్పుడు ఏది ఏదో చెప్పగలగడానికి చాలా రోజులు పట్టిందని స్వయంగా రాసుకున్నాడు. అక్కడి జనమైతే ఒకటి ఇంకోటిగా మారిపోతుందని గట్టిగా నమ్మేవాళ్ళట.

సరే, ఇక పనిలోకి వద్దాం. అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది మీరెక్కడ ఉన్నారనేది. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా లేవు. ఆసియా, ఆఫ్రికా, యూరప్‌లో ఎక్కడైనా సరే తోటలో హమ్మింగ్‌బర్డ్ చూశామంటే అది హాక్ మాత్ అయినా అయ్యుండాలి, తేనెపిట్ట అయినా అయ్యుండాలి (యూరప్‌లో ఆ తేనెపిట్ట కూడా ఉండదు). తేనెపిట్టని గుర్తుపట్టడం తేలిక, అది దీనికన్నా చాలా పెద్దది, మామూలుగా కొమ్మ పట్టుకుని వేలాడుతూ తాగుతుంది, గాల్లో ఆగినా కాసేపే, మధ్యమధ్యలో అరుస్తుంది కూడా. అమెరికాల్లో ఉన్నవాళ్ళకే అసలు తంటా, అక్కడ రెండూ ఒకే పొద మీదకి వస్తాయి.

అప్పుడేం చూడాలంటే, రెక్కల వైపు చూడకండి. అందరం చేసే తప్పే అది, కన్ను ముందు రెక్కల మీదకే పోతుంది, అక్కడ కనబడేది ఏమీ ఉండదు, సెకనుకి 70-80 సార్లు కొట్టుకునే రెక్క మన కంటికి ఎలా ఆనుతుంది. తల చూడండి. తల మీద ముందుకి చాచి రెండు మీసాలు, కొస దగ్గర కొంచెం లావుగా, ఉంటే అది మాత్, అక్కడితో పంచాయితీ అయిపోయింది. మీసాలు కనబడనంత దూరంలో ఉంటే ముక్కు చూడండి. పిట్ట ముక్కు గట్టిగా పుల్లలా ఉంటుంది, పువ్వు నుంచి పువ్వుకి పోయేటప్పుడు కూడా అలాగే ఉంటుంది. మాత్‌ది ముక్కు కాదు, తొండం, గడియారం స్ప్రింగ్‌లా చుట్టుకుపోయేది, పొద వదిలేసి పోయేటప్పుడు చటుక్కున గడ్డం కింద చుట్టేస్తుంది. ఇప్పటిదాకా అంత పొడుగున్న ముక్కు ఒక్కసారిగా మాయమైపోయిందేంటి అనిపిస్తుంది చూడండి, ఆ క్షణం కోసమే కాచుకోవాలి. ఆ తర్వాత తోక. పిట్ట తోకవి ఈకలు. దీనిది పెయింట్ కుంచె చివర లాగా గుబురుగా ఉండే పొలుసుల కుచ్చు, ఎగిరేటప్పుడు విసనకర్రలా విప్పుతుంది.

సైజు కూడా చెప్తా కానీ దాన్ని పూర్తిగా నమ్ముకోకండి, గాల్లో ఉన్నదాని సైజు అంచనా వెయ్యడంలో మనందరం ఘోరంగా పొరబడతాం. పగటిపూట తిరిగే మాత్‌లు చాలావరకు రెక్కలు చాపితే నాలుగు నుంచి ఆరు సెంటీమీటర్ల మధ్యలో ఉంటాయి. ఇంకో తేడా భయం. పిట్ట మీరు చెయ్యి ఎత్తితే చాలు పోతుంది, దీనికి ఆ బెంగ తక్కువ, మీరు కదలకుండా ఉంటే మీ మోచేతి పక్కన ఉన్న పువ్వు మీదకి కూడా వస్తుంది, సన్నగా జుమ్మని చప్పుడు కూడా వినబడుతుంది.

ఏ రకమో తెలుసుకోవాలంటే కొంచెం ఓపిక పట్టాలి. యూరప్, ఉత్తర ఆఫ్రికా నుంచి ఆసియా దాకా కనబడేది అసలు సిసలు హమ్మింగ్‌బర్డ్ హాక్ మాత్, శాస్త్రీయ నామం మాక్రోగ్లోసమ్ స్టెల్లాటారమ్, అందులో స్టెల్లాటారమ్ అన్న మాట స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో పెట్టినది. ముందు రెక్కలు బూడిద కలిసిన గోధుమరంగు, వాటి మీద వంకరగా నల్ల గీతలు, వెనక రెక్కలు నారింజ రంగు. గాల్లో ఉన్నప్పుడు మీకు కనబడేది ఆ నారింజ మెరుపు ఒక్కటే. పొట్ట చివర పక్కలకి నలుపు తెలుపు మచ్చలు. ఇదే జాతిలో దీని చుట్టాలు ఆసియాలో చాలా ఉన్నాయి, వెనక రెక్క మీద పసుపు పట్టీ ఉన్నవి అలాంటివి, ఫోటో లేకుండా వాటిని విడివిడిగా చెప్పడం నావల్ల కాదు, నేను "మాక్రోగ్లోసమ్ ఏదో ఒకటి" అని రాసుకుని వదిలేస్తా, మీరూ అలాగే చెయ్యండి, కొంపేం మునిగిపోదు.

నాకు బాగా ఇష్టమైనవి అద్దం రెక్కలవి. సెఫనోడీస్ హైలాస్ అని ఒకటి ఆసియాలో, ఆస్ట్రేలియాలో కనబడుతుంది, ఒళ్ళంతా ఆకుపచ్చ పసుపు కలిసిన నూగు, పొట్టకి అడ్డంగా ముదురు రంగు పట్టీ, రెక్కలు మాత్రం గాజు పలకలే, నరాలు తప్ప ఏమీ ఉండవు. ప్యూపా (పురుగు మాత్‌గా మారే ముందు కదలకుండా ఉండే దశ) నుంచి బయటికొచ్చినప్పుడు ఆ రెక్కల మీద కూడా బూడిదరంగు పొడి ఉంటుంది, మొదటిసారి ఎగరగానే రాలిపోతుంది. ఉత్తర అమెరికాలో ఇలాంటి అద్దం రెక్కలవి హెమారిస్ జాతివి, అందులో తోటల్లో ఎక్కువగా కనబడేవి రెండు, హెమారిస్ థిస్బే, హెమారిస్ డిఫినిస్. తేడా ఎలా అంటే కాళ్ళు చూడండి, థిస్బేకి కాళ్ళు లేతరంగులో ఉంటాయి, డిఫినిస్‌కి నల్లగా ఉంటాయి, పైగా కంటి మీదుగా ఛాతీ పక్కగా ఒక నల్ల చార పోతుంది. థిస్బే కొంచెం పిట్టలా ఉంటే డిఫినిస్ నలుపు పసుపుతో అచ్చం పెద్ద తేనెటీగలా ఉంటుంది. అక్కడే తెల్లచారల హాక్ మాత్ అని ఇంకోటి, హైలీస్ లీనియాటా, కాస్త పెద్దది, ముందు రెక్క మీద ఈ చివర నుంచి ఆ చివరకి లేతరంగు చార, వెనక రెక్కలో గులాబీ రంగు, సంధ్యవేళ ఎక్కువ, పట్టపగలు కూడా అప్పుడప్పుడు వస్తుంది.

మాత్ అనుకుని మోసపోయేవి కూడా ఉన్నాయి. నల్ల తుమ్మెద ఒకటి, అది పువ్వు ముందు కాసేపు ఆగుతుంది కానీ చివరికి వాలిపోతుంది. ఇంకోటి బీ ఫ్లై, బొద్దుగా నూగుతో ఉండే ఈగ, అచ్చం చిన్న హాక్ మాత్‌లాగే ముందుకి ముక్కు పెట్టుకుని గాల్లో ఆగుతుంది, కాకపోతే సైజు చాలా చిన్నది, సెంటీమీటరు అటూ ఇటూ, ఆ ముక్కు పిట్ట ముక్కులాగే బిర్రుగా ఉంటుంది, చుట్టుకోదు.

ఇప్పుడు అసలు కిటుకు చెప్తా. తోటంతా తిరుగుతూ వెతికితే ఇవి దొరకవు, దొరికినా వీపే కనబడుతుంది. పురుగుని వెతక్కండి, పువ్వుని పట్టుకోండి. గొట్టంలా పొడుగ్గా ఉండి లోపల అడుగున తేనె దాచుకునే పూలు ఏవో చూసి ఆ పొద దగ్గర కూర్చోండి, లాంటానా, పెంటాస్, వర్బీనా, బిళ్ళగన్నేరు, నూరువరహాలు, ఫ్లాక్స్, లావెండర్, బడ్లియా, హనీసకిల్, ఇలాంటివి. ఒకటీ అరా మొక్క కాదు, గుత్తులు గుత్తులుగా పూసి ఉన్న పొద కావాలి, ఎందుకంటే గాల్లో ఆగి తాగడం చాలా ఖర్చుతో కూడిన పని, ఒక పువ్వు కోసం అంత దూరం రావడం దానికి గిట్టుబాటు కాదు, ఒకచోటే యాభై అరవై పూలుంటే చకచకా తాగేసి పోవచ్చు. రంగు సంగతి అడుగుతారేమో, పగటి హమ్మింగ్‌బర్డ్ హాక్ మాత్‌కి పుట్టుకతో నీలం రంగు అంటే మోజు, కానీ తేనె ఏ రంగు పువ్వులో దొరికితే ఆ రంగుని ఇట్టే నేర్చేసుకుంటుంది, కాబట్టి మీ తోటలో నీలం పూలు లేవని దిగులు పడొద్దు.

ఎక్కడ కూర్చోవాలంటే పొదకి ఒకటిన్నర మీటర్ల దూరంలో, మీ నీడ పూల మీద పడకుండా. వెనక ముదురు ఆకుల పొదో గోడ నీడో ఉంటే ఇంకా మంచిది, ఆకాశం వెనకాల ఉంటే అది నల్ల చుక్కలా కనబడుతుంది తప్ప రంగులేం తెలీవు.

టైమ్ అంటారా, ఎండ కాస్త ఎక్కాక పొద్దున ఒక విడత, మళ్ళీ సాయంత్రం ఎండ తగ్గుతున్నప్పుడు ఒక విడత. మండే ఎండలో నడిమధ్యాహ్నం తగ్గిపోతాయి, చల్లటి చోట్లయితే మధ్యాహ్నమే బావుంటుంది. మబ్బు పట్టినా చినుకులు పడినా కూడా హమ్మింగ్‌బర్డ్ హాక్ మాత్ తిరుగుతూనే ఉంటుంది, వాన అని లేచి రాకండి. ఒకరోజు కనబడిందంటే మర్నాడు అదే టైమ్‌కి అదే పొద దగ్గర ఉండండి, దానికి జ్ఞాపకశక్తి గట్టిది, మంచి పూలున్న చోటుకి రోజూ దాదాపు అదే వేళకి వస్తుందని చాలాకాలంగా గమనించినదే. నేను నాలుగు రోజులు ఫోటో కోసం తోటంతా పిచ్చోడిలా తిరిగినప్పుడు దొరకలేదు, అయిదో రోజు మొదట కనబడిన టైమ్‌కి పది నిమిషాల ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నా, ఆ మసక ఫోటో అప్పుడే వచ్చింది.

వచ్చినప్పుడు ఇంకో తమాషా చూడండి. గాలికి పువ్వు ఊగుతుంటే అది కూడా పువ్వుతో పాటే ఊగుతుంది, పువ్వు ఎడమకి పోతే అదీ ఎడమకి, కుడికొస్తే కుడికి, లోపల పెట్టిన తొండం బయటికి రాకుండా, ఇద్దరినీ ఏదో కనబడని పుల్లతో కట్టేసినట్టు. దూరం నుంచి చూస్తే అది కదలకుండా నిలబడిందనుకుంటాం కానీ నిజానికి క్షణం కూడా నిలకడగా ఉండదు.

ఫోటో విషయంలో నా సలహా ఒకటే, దాన్ని ఫోకస్ చెయ్యాలని చూడకండి, పువ్వుని ఫోకస్ చేసి లాక్ చేసి పెట్టుకోండి, అదే ఫ్రేమ్‌లోకి వస్తుంది. కెమెరా ఉంటే షట్టర్ 1/2000 లేదా ఇంకా వేగంగా పెట్టండి, అప్పటికీ రెక్క కొస కొద్దిగా మసగ్గానే ఉండొచ్చు, నాకు అదే అందంగా అనిపిస్తుంది. ఫోన్ మాత్రమే ఉందంటే ఫోటో మానేసి స్లో మోషన్ వీడియో తీయండి, సెకనుకి 240 ఫ్రేములు అంటే రెక్క ఒకసారి పైకీ కిందకీ కొట్టేలోపు మూడు ఫ్రేములు వస్తాయి, మామూలు 30 ఫ్రేముల వీడియోలో ఒక్క ఫ్రేము గడిచేలోపే రెక్క రెండుసార్లకి పైగా కొట్టేస్తుంది, పొగ తప్ప ఏమీ రాదు. తర్వాత తీరిగ్గా ఆ వీడియోని ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ మీసాలు, కాళ్ళు, వెనక రెక్క రంగు చూసుకోవచ్చు.

చీకటి పడ్డాక లోపలికి వచ్చేయకండి, ఇంకో బ్యాచ్ అప్పుడే మొదలవుతుంది. చంద్రకాంత, ఉమ్మెత్త, పెటూనియా, మల్లెజాతి పూలు, తెల్లగా వాసనతో ఉండేవన్నీ వీటి కోసమే. రాధామనోహరం తీగ ఉంటే మరీ సుఖం, సాయంత్రం కొత్తగా విచ్చుకున్న పూలు తెల్లగా ఉంటాయి, మర్నాటికి గులాబీ, ఆ తర్వాత ఎరుపు అవుతాయి, మీరు ఆ తెల్ల గుత్తుల మీదే కన్నేసి ఉంచాలి. ఇక్కడొచ్చేవి పెద్దవి, కాన్వాల్వులస్ హాక్ మాత్ అయితే రెక్కలు చాపితే పది సెంటీమీటర్లు దాకా ఉంటుంది, పొట్టకి రెండు పక్కలా గులాబీ రంగు పట్టీలు, తొండం దాని ఒంటికన్నా పొడుగు. టార్చ్ నేరుగా కొడితే బెదిరిపోతాయి, టార్చ్ మీద ఎర్ర జిలుగు కాగితం చుట్టండి, ఎరుపు వాటి కంటికి సరిగ్గా ఆనదు.

చూడ్డమే కాదు, రప్పించుకోవాలి అనుకుంటే పూలు ఒక్కటీ సరిపోవు, వాటి పిల్లలకి, అంటే గొంగళిపురుగులకి, ఆకులు కావాలి. హమ్మింగ్‌బర్డ్ హాక్ మాత్ గుడ్లు పెట్టేది గేలియం, మంజిష్ఠ లాంటి మొక్కల మీద. అద్దం రెక్కల సెఫనోడీస్ కాఫీ, గార్డెనియా, నూరువరహాల ఆకులు తింటుంది. ఇవన్నీ ఒకే కుటుంబం మొక్కలు. హెమారిస్‌కి హనీసకిల్, వైబర్నమ్, స్నోబెర్రీ కావాలి. వీటి పురుగుల్ని గుర్తుపట్టడం చాలా ఈజీ, ఒంటి మీద బొచ్చు ఉండదు, నున్నగా ఉంటుంది, తోక చివర ఒక కొమ్ము నిటారుగా నిలబడి ఉంటుంది. చూస్తే కుట్టేస్తుందేమో అనిపిస్తుంది, ఏం చెయ్యదు, ఉత్త బెదిరింపు. ఆకుల్లో కలిసిపోతుంది కాబట్టి పురుగు కనబడదు, ముందు దాని పెంటికలు కనబడతాయి, ఆకుల మీదో నేల మీదో గాళ్ళు పడిన పీపాల్లాంటి నల్లటి గుళికలు, అవి కనబడితే సరిగ్గా దాని పైకొమ్మ చూడండి, సగం తిన్న ఆకు ఈనె పట్టుకుని వేలాడుతూ ఉంటుంది.

మందు కొట్టొద్దు అని వేరే చెప్పాలా. నాలుగు ఆకులు పోతే మొక్క చచ్చిపోదు, అది మళ్ళీ చిగురేస్తుంది. ఇంకోటి, పొద కింద రాలిన ఆకుల్ని ప్రతివారం ఊడ్చి పారేస్తుంటే అందులో ఉన్న ప్యూపాలు కూడా చెత్తలోకి పోతాయి, చాలా రకాలు ప్యూపాగా ఉండేది ఆ ఆకుల కిందో పైపై మట్టిలోనో. నేను అయితే పొదల కింద ఊడ్చడం మానేశా, చూసేవాళ్ళు బద్ధకం అనుకుంటున్నారు, అనుకోనీ.

ఎప్పుడైనా దారి తప్పి గదిలోకి వచ్చి కిటికీ అద్దానికి కొట్టుకుంటుంటే చేత్తో పట్టుకోకండి, రెక్కల మీద పొడి అంతా వేళ్ళకి అంటుకుపోతుంది. గ్లాసు బోర్లించి కింద కాగితం తోసి బయటికి తీసుకెళ్ళి నీడలో ఏ కొమ్మ మీదో వదలండి. వెంటనే ఎగిరిపోలేదేంటి, చచ్చిపోయిందేమో అని కంగారు పడకండి. కాసేపు అలా కూర్చుని రెక్కలు కొద్దిగా విప్పి వణకడం మొదలుపెడుతుంది, చలిజ్వరం వచ్చినట్టు ఒళ్ళంతా సన్నగా అదురుతుంది, ఎగిరే కండరాలు వేడెక్కితే గానీ అది లేవలేదు, ఆ వణుకు అందుకే. ఆ కాసేపే మీరు దాన్ని ఇంత దగ్గరగా, కదలకుండా చూడగలిగేది, మీసాల కొసలు, గడ్డం కింద చుట్టలా ముడుచుకున్న తొండం, కంటి చుట్టూ నూగు అన్నీ కనబడతాయి. వణుకు జోరందుకుని చప్పుడు మొదలైందంటే ఫోన్ రెడీగా పట్టుకోండి, ఇక లేస్తుంది.